గిన్నె లేని దాసరి

పొదలకూరు మార్కెట్లో నిమ్మ
లూజు మూడొందలకి పడిపోయిన పొద్దు
కాయ కొయ్యకుండానే తోటలో కూర్చున్నా.
కోత కూలి, గోతాం, ఆటో బాడుగ,
వేళ్ల మీద లెక్క మూడోసారి తప్పింది.

అప్పుడొచ్చాడు.
నాలుగో సాల్లో పదకొండో చెట్టు,
ఎండు పుల్ల చివర.
పిడికిట్లో దాగేంత ఒళ్లు,
మాడిన పెనం రంగు వీపు,
కడుపేమో ఉతికారేసిన ముతక పంచె.
కంటి మీదుగా వెనక దాకా
సున్నంలో ముంచిన వేలితో గీసిన తెల్ల పట్టె.
నామం నిలువుగా కదరా పెట్టాల్సింది!
వినడు.
వాడి సంప్రదాయం వాడిది.

దాసరిపిట్ట అనేవాడు మా నాయన.
భిక్షకి రాని దాసరి,
ఎవరి గడపా తొక్కడు.
నేల మీద కాలు పెట్టడం కూడా అరుదే.

ఊరికే ఉండటం వాడి ఒంట్లో లేదు.
చెయ్యి తిరిగిన పేకాటగాడు ముక్కలు విప్పినట్టు
తోక విప్పుతాడు.
ఎడమకో ఊపు, కుడికో ఊపు,
రెక్కలు జారేసి అరతిరుగుడు.
జానెడు కొమ్మ మీద
తిరణాలంతా వాడొక్కడే.

ఇంతలో ఒక దోమ.
గాల్లో మెలిక.
టిక్.
అగ్గిపుల్ల విరిగినంత చప్పుడు, ముక్కు మూతపడి.
మళ్లీ అదే పుల్ల మీద
ఏమీ ఎరగనట్టు.
ఆ తర్వాత ఈల:
మెట్లు దిగీ దిగీ
ఏదో మర్చిపోయినట్టు
రెండు మెట్లు పైకెక్కే ఈల.

గిన్నె లేదనుకున్నా గానీ, ఉంది.
పంగలకొమ్మలో,
రసం పిండేసిన అరచెక్కంత.
గడ్డిపోచలు, పైన సాలెగూడు పూత,
పూతలో ఎక్కడో అతుక్కుని మెరిసే
చిటికెడు కాకిబంగారం.
అందులో మూడు గుడ్లు.
ఆడేదో మగేదో నాకు తెలీదు,
వంతులేసుకుని పొదిగారు.
కాకి ఆ పక్కకొస్తే మాత్రం
పదింతలున్న దాని వీపు మీద పడి తరిమారు.
కాకిబంగారానికి
కాకి హక్కుదారు కాదంట.

ఆకులకి పాముపొడ తగిలింది.
మస్తానయ్య మోటారు మోసుకొచ్చాడు.
పదకొండో చెట్టు కాడ ఆగి
గొట్టం కిందికి దించి
"దీనికొద్దులే అన్నా" అన్నాడు.
సరేనన్నా.
ఇద్దరం మంచోళ్లమనుకుంటూ
టీ తాగాం.

తెల్లారి చూస్తే
తోటలో ఈగ లేదు, దోమ లేదు,
గూట్లో అప్పుడే పగిలిన పెంకులు,
మూడు ఎర్రటి నోళ్లు.
చెట్టుని వదిలేశాం గానీ
గాలిని వదల్లేదు.

వాడు కంచె దాటాడు.
వెంగమ్మ బర్రె వీపెక్కాడు.
బర్రె తోక విసిరితే వీడూ తోక విసిరి,
అది మెడ విదిల్చితే లేచిన ఈగలన్నీ
టిక్, టిక్, టిక్.
"యాడోడబ్బా వీడు,
పాలు పిండే దాకా కూడా ఆగడు" అని వెంగమ్మ.
అక్కణ్ణుంచి గూటికి, గూటి నుంచి అక్కడికి.
వేళ్లు మడుస్తా లెక్కపెట్టా.
మధ్యాన్నానికి నూటపది.
ఈ లెక్క తప్పలేదు.

రెండు బతికాయి.
మూడోది ఏమైందో, చీమలకి తెలుసు.
పన్నెండు రోజులు దాటాక ఓ పొద్దు
తోకలింకా పెరగని ఇద్దరు బుడతలు
పుల్ల మీద ఒరుసుకుని కూర్చుని
విప్పటానికేమీ లేకపోయినా
విప్పబోయారు.

ఈ కారులో మందు కొట్టలేదు.
కాయ మీద గీతలున్నాయని
మార్కెట్లో గ్రేడింగు కుర్రోడు
నా మొహం వంక చూశాడు.
ఏం చెప్పేది వాడికి?
రేకుల కప్పు కింద తిరిగే
ఈగల్ని చూస్తా నిలబడ్డా.
మనసులో ఒకటే చప్పుడు,
టిక్.